సౌర విద్యుత్తులో మొదటి వాటా బోరుబావిదే

విద్యుత్ రాయితీల కింద 2025-26 సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భరిస్తానని ఒప్పుకున్న మొత్తం 12,600 కోట్ల రూపాయల పైచిలుకు. తెలంగాణలో 2024-25 సంవత్సరానికి ఆ భారం 11,000 కోట్లు దాటింది. రెండుచోట్లా ఇందులో పెద్ద వాటా వ్యవసాయ మోటార్లది. ఏప్రిల్‌లో మొదలయ్యే ఈ చెల్లింపులు మార్చితో ముగుస్తాయి, మళ్లీ ఏప్రిల్ వస్తుంది. రెండు దశాబ్దాలుగా ఈ సొమ్ము వల్లనే లక్షల ఎకరాల్లో పైరు ఎండకుండా నిలిచింది, ఆ మేలును ఎవరూ కాదనలేరు. కానీ ఇంత ఖర్చు తర్వాత కూడా రైతు చేతిలో గానీ, ఊరి చేతిలో గానీ, ప్రభుత్వం చేతిలో గానీ నాలుగు యూనిట్లు పుట్టించే ఆస్తి ఏదీ మిగల్లేదు. సౌర విద్యుత్తుకు ప్రభుత్వాలు ఇస్తున్న ప్రోత్సాహం సరైన దారిలో ఉందా లేదా అన్నది తేల్చడానికి నాకు ఇదే కొలమానం. ఏటేటా కరిగిపోతున్న రాయితీని పాతికేళ్లు నిలిచే ఆస్తిగా మార్చగలుగుతోందా? మార్చగలిగితే అది మంచి విధానం. లేకపోతే ఎన్ని వేల మెగావాట్లు ప్రకటించినా రైతుకూ ఖజానాకూ ఒరిగేది తక్కువే.

దేశం మొత్తం మీద చూస్తే సౌర విద్యుత్తు సాధించినది తక్కువేమీ కాదు. 2010 జనవరిలో జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సోలార్ మిషన్ మొదలైన రోజుల్లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి యూనిట్‌కు 17 రూపాయల 91 పైసలు లెక్కగట్టింది. 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కు వేలంలో అదే యూనిట్ 3 రూపాయల 15 పైసలకు దిగివచ్చింది. మరుసటి నెలలోనే రాజస్థాన్‌లోని భడ్లాలో 2 రూపాయల 44 పైసలు పలికింది. 2022 నాటికి 20,000 మెగావాట్లు చాలనుకున్న లక్ష్యాన్ని 2015లో లక్ష మెగావాట్లకు పెంచారు. గడువు తప్పినా 2025 జనవరిలో దేశం ఆ లక్షను దాటింది. అయితే ఆ లక్షలో నలభై వేల మెగావాట్లు ఇళ్ల మీద, దుకాణాల మీద, కార్యాలయాల మీద రావాలన్నది అసలు ప్రణాళిక. 2022 చివరికి పైకప్పుల మీద వచ్చింది అందులో సుమారు ఐదో వంతే. పెద్ద పార్కు, పెద్ద కంపెనీ, పెద్ద వేలం ఉన్నచోట పని పరుగెత్తింది. సామాన్యుడి గడప దగ్గర, పొలం గట్టు దగ్గర నత్తనడక నడిచింది.

పార్కుల ఘనత మనకు తెలిసిందే. కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు గని, శకునాల గ్రామాల పరిధిలో 5,900 ఎకరాలకు పైగా విస్తీర్ణంలో 1,000 మెగావాట్లతో 2017లో పూర్తయినప్పుడు దేశమంతా దాన్ని మెచ్చుకుంది. అనంతపురం సరిహద్దు దాటగానే కర్ణాటకలో వచ్చే పావగడ పార్కు అంతకు రెట్టింపు. 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్లు. అక్కడ భూమి కొనలేదు, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి రెండేళ్లకోసారి 5 శాతం పెంచుతున్నారు. వరుస కరువులతో బీడుపడిన నేలకు అది మంచి బేరమే, భూమి పట్టా కూడా రైతు పేరునే ఉండిపోయింది. కానీ ఆ నేలలో కలుపు తీసి, వేరుశనగ పీకి బతికిన కూలీలకు, బీళ్లలో గొర్రెలు మేపుకున్నవారికి ఆ కౌలులో వాటా లేదు. వేల ఎకరాలను ఒక్కచోట కంచె వేసి మూసినప్పుడు వచ్చే చిక్కు ఇది. అదే సామర్థ్యాన్ని ఊరికి పదెకరాల చొప్పున విడగొట్టి పెడితే ఈ చిక్కు చాలామటుకు ఉండదు.

ఇక ఇళ్ల సంగతి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకానికి 75,021 కోట్లు కేటాయించారు. కోటి ఇళ్ల మీద సోలార్ పలకలు లక్ష్యం. రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లు ఆపైన 78,000 రూపాయల రాయితీ. మధ్యతరగతి ఇంటికి ఇది నిజంగా మేలు చేసే పథకం. అయితే సొంత డాబా ఉండాలి, దాని మీద నీడ పడకూడదు, మిగతా సొమ్ము చేతిలో ఉండాలి లేదా బ్యాంకు అప్పివ్వాలి. అద్దె ఇంట్లో ఉన్నవారికీ, రేకుల ఇంట్లో ఉన్నవారికీ ఇందులో దారి దాదాపు లేనట్టే. తెలంగాణలో ఇంకో మెలిక ఉంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్లలోపు వాడే అర్హులైన కుటుంబాలకు బిల్లు సున్నా. అలాంటి ఇంటివాళ్లు డాబా మీద పలకలు ఎందుకు పెట్టుకుంటారు? వారి తరఫున ప్రభుత్వం నెలనెలా విద్యుత్ పంపిణీ సంస్థకు, అంటే డిస్కంకు, చెల్లిస్తూనే ఉంటుంది. ఒక చేత్తో సోలార్‌కు రాయితీ, ఇంకో చేత్తో సోలార్ అవసరమే లేకుండా చేసే రాయితీ.

ఇదే విషయంలో ఆంధ్రప్రదేశ్ ఎంచుకున్న తీరు మెరుగ్గా ఉందని నా అభిప్రాయం. కాలనీల్లోని ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్తు అక్కడ ముందే ఉంది. ఇప్పుడు ఆ ఇళ్ల మీద రెండు కిలోవాట్ల సోలార్‌ను కుటుంబం మీద పైసా భారం పడకుండా పెట్టించే పనికి పూనుకున్నారు. మన ఎండకు రెండు కిలోవాట్లు నెలకు 200 యూనిట్లకు పైగానే ఇస్తాయి. అంటే ఏటేటా కట్టాల్సిన రాయితీ తగ్గి, ఇంటివారి పేరున ఒక ఆస్తి నిలబడుతుంది. మిగిలిన యూనిట్లకు వారికే డబ్బు వస్తుంది. ఇన్వర్టర్ పాడైతే ఎవరు బాగుచేయాలి, ఎన్ని రోజుల్లో చేయాలి అన్నది ఒప్పందంలో గట్టిగా రాసుకుంటే ఈ పథకం నిలుస్తుంది. లేదంటే వీధి దీపాల సోలార్ స్తంభాలకు చాలా ఊళ్లలో పట్టిన గతే దీనికీ పడుతుంది.

ఇళ్లకు వర్తించే ఈ లెక్క మోటార్లకు ఇంకా బలంగా వర్తిస్తుంది. తెలంగాణలో సుమారు 29 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 20 లక్షల వ్యవసాయ కనెక్షన్లు ఉన్నాయి. అయిదు హార్స్‌పవర్ మోటారు గంటకు నాలుగు యూనిట్ల దాకా లాగుతుంది. రోజుకు ఏడు గంటలు, ఏడాదిలో 200 రోజులు నడిచిందనుకుంటే 5,600 యూనిట్లు. ఆ విద్యుత్తు కొనుగోలుకు, దారిలో పోయే నష్టాలకు కలిపి యూనిట్‌కు అయిదు రూపాయలు వేసుకుందాం. ఊరి సబ్‌స్టేషన్ పక్కనే పుట్టే సౌర విద్యుత్తు మూడు రూపాయలకు దొరికితే ఒక్కో మోటారు మీద ఏడాదికి 11,000 రూపాయలు మిగులుతాయి. మోటార్లలో సగం ఈ దారికి వచ్చినా రెండు రాష్ట్రాల్లో కలిపి ఏటా రెండున్నర వేల కోట్ల పైమాట. రైతుకు ఉచితం ఉచితంగానే ఉంటుంది, ఖజానా మీద బరువు తగ్గుతుంది.

దీనికి కావలసిన పథకం కాగితం మీద 2020 నుంచీ ఉంది. కేంద్ర పథకం పీఎం కుసుమ్‌లోని మూడో భాగం కింద వ్యవసాయ ఫీడర్‌ను, అంటే సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు వెళ్లే లైనును, మొత్తంగా సోలార్‌కు మార్చవచ్చు. సబ్‌స్టేషన్‌కు దగ్గరలో ఎనిమిది పదెకరాల్లో రెండు మెగావాట్ల ప్లాంటు పెడితే ఏడాదికి సుమారు 30 లక్షల యూనిట్లు వస్తాయి. అయిదు వందల మోటార్లకు అది సరిపోతుంది. కేంద్రం మెగావాటుకు 1.05 కోట్ల దాకా ఇస్తుంది. రైతు తన మోటారు మార్చనక్కర్లేదు, స్టార్టర్ మార్చనక్కర్లేదు, పొలంలో పలకలకు కాపలా కాయనక్కర్లేదు. మబ్బు పట్టిన రోజు గ్రిడ్ నుంచి ఎప్పటిలాగే కరెంటు వస్తుంది. పైగా వ్యవసాయానికి బ్యాటరీ అక్కర్లేదు, పగలు తోడిన నీళ్లు మడిలోనో గుంటలోనో నిలుస్తాయి. ఎండ కాసే వేళకూ మోటారు నడవాల్సిన వేళకూ ఇంత చక్కగా పొంతన కుదిరే వాడకం ఇంకొకటి లేదు.

పగటి కరెంటు విలువ ఏమిటో రాత్రి కరెంటు రోజులు చూసిన రైతు కుటుంబాలకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అర్ధరాత్రి ఫేజ్ వచ్చిందని టార్చిలైటు పట్టుకుని బోరు దగ్గరికి వెళ్లి పాము కాటుకు, షాకుకు బలైన రైతులెందరో. ఇక బిల్లు సంగతి చూస్తే, విద్యుత్ చార్జీల మీద జరిగిన ఆందోళన 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల దాకా పోయింది. 2004 మేలో ముఖ్యమంత్రిగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం చేశాక ఏ పార్టీ ప్రభుత్వమూ ఆ హామీని వెనక్కి తీసుకోలేదు. తీసుకోకూడదు కూడా. మోటార్లకు మీటర్లు పెట్టాలన్న ప్రతి ప్రయత్నాన్నీ రైతులు బిల్లుకు తొలి మెట్టుగా చూసి ఎదిరించారు. వారి భయం నిరాధారమైనది కాదు. ఫీడర్ సోలార్‌లో ఆ గొడవకు తావు లేదు. మీటరు ఫీడర్ మొదట్లో, సబ్‌స్టేషన్ దగ్గర ఉంటే చాలు. నిజంగా పొలాలకు వెళ్తున్న కరెంటు ఎంతో, వ్యవసాయం పద్దులో రాసిపెడుతున్న దొంగ కనెక్షన్ల నష్టం ఎంతో దాంతో బయటపడుతుంది. ఈ పథకం మీద డిస్కంలకు పెద్దగా ఉత్సాహం లేకపోవడానికి ఇది కూడా ఒక కారణమని నేననుకుంటాను.

పొరుగున మహారాష్ట్ర ఈ దారి పట్టింది. రాలేగణ్ సిద్ధిలో చిన్న ప్లాంటుతో మొదలైన ముఖ్యమంత్రి సౌర కృషి వాహిని యోజనను 16,000 మెగావాట్ల స్థాయికి పెంచి, వ్యవసాయ ఫీడర్లను ఒక్కొక్కటిగా పగటి కరెంటుకు మారుస్తోంది. ఆంధ్రప్రదేశ్ అప్పట్లో వేరే దారి ఎంచుకుంది. పగటిపూట తొమ్మిది గంటల ఉచిత విద్యుత్తు కోసమే 2021 డిసెంబరులో కేంద్ర సంస్థ సెకితో యూనిట్ 2 రూపాయల 49 పైసలకు 7,000 మెగావాట్ల ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందం చుట్టూ వచ్చిన అవినీతి ఆరోపణలు న్యాయస్థానాలు తేల్చాల్సినవి. నా అభ్యంతరం ఇంకొకటి. దేశంలోకెల్లా మంచి ఎండ కాసే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆ జిల్లాలోని బోరుకు ఈ ఒప్పందం కింద రాజస్థాన్ ఎడారి నుంచి కరెంటు తెచ్చుకుంటే కౌలు డబ్బు, నిర్మాణ పనులు, కాపలా, శుభ్రపరిచే ఉద్యోగాలు అన్నీ అక్కడే ఉండిపోతాయి. ధరలో కనిపించే పైసల తేడా కంటే ఈ నష్టం పెద్దది.

ఫీడర్ సోలార్ అన్నిచోట్లా పనికొస్తుందని నేననడం లేదు. లైన్లే లేని అడవి భూముల్లో విడి సోలార్ పంపు పెట్టడమే మార్గం. తెలంగాణ ప్రభుత్వం 2025 మేలో నల్లమల అంచున మాచారంలో ప్రారంభించిన ఇందిర సౌర గిరి జల వికాసం అందుకే సరైన చోట పెట్టిన ఖర్చు. 2.1 లక్షల గిరిజన రైతులకు చెందిన ఆరు లక్షల ఎకరాల పోడు పట్టా భూములకు 12,600 కోట్లతో నీళ్లివ్వాలన్నది ఆ సంకల్పం. గ్రిడ్ కరెంటు ఉన్న మైదానాల్లో మాత్రం విడి పంపులకు భారీ రాయితీ ఇవ్వడం వృథా. పంట లేని నెలల్లో ఆ పలకలు ఊరికే పడి ఉంటాయి. భూగర్భ జలాల భయం కూడా నిజమైనదే. ఖర్చు లేని పగటి కరెంటు ఉంటే బోరు ఆగదు. గుజరాత్‌లోని ఢుండి గ్రామ రైతులు 2016 నుంచి దీనికొక జవాబు చూపిస్తున్నారు. సహకార సంఘంగా ఏర్పడి, తోడగా మిగిలిన సౌర విద్యుత్తును గ్రిడ్‌కు అమ్ముకుంటున్నారు. నీరు పొదుపు చేసిన రైతుకు ఆదాయం వచ్చే ఏర్పాటు మన ఫీడర్లలోనూ ఉండాలి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది చెల్లింపుల సంగతి. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పటికే సంతకాలైన పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలను తిరగదోడడానికి కమిటీ వేసింది. బకాయిలు పేరుకుపోయాయి, కేసులు నడిచాయి. చివరికి 2022 మార్చిలో ఒప్పందంలో ఉన్న ధరే చెల్లించాలని హైకోర్టు తీర్పిచ్చింది. పెద్ద కంపెనీలు లాయర్లను పెట్టుకుని మూడేళ్లు నిలబడగలిగాయి. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం మహిళా సంఘాల చేత 1,000 మెగావాట్ల సౌర ప్లాంట్లు పెట్టిస్తానంటోంది. ఆలోచన గొప్పది. మెగావాటుకు మూడు కోట్లకు పైగా పెట్టుబడి, అందులో ఎక్కువ భాగం బ్యాంకు అప్పు. డిస్కం ఆరు నెలలు బిల్లు ఆపితే ఆ సంఘానికి కోర్టుకు వెళ్లే శక్తి ఉండదు. వాయిదా కట్టలేక పొదుపు సొమ్ము పోగొట్టుకుంటారు, ముప్పై ఏళ్లుగా సంపాదించుకున్న బ్యాంకు పరపతి పోతుంది. ఈ సంఘాలకు చెల్లింపు డిస్కం దయ మీద ఉండకూడదు. ప్రభుత్వం డిస్కంకు ఇచ్చే రాయితీ సొమ్ములోంచే వీరి వాటాను విడదీసి, ప్రత్యేక ఖాతా ద్వారా నెలనెలా నేరుగా జమ చేయాలి.

సాయంత్రం వేళ కొరత, నిల్వ ఏర్పాట్లు వేరే వ్యాసానికి సరిపోయే విషయం. పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ లాంటివి ఆ దిశలో పనికొస్తాయి. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రకటించిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం 160 గిగావాట్ల గురించి మాట్లాడింది. 2025 జనవరిలో వచ్చిన తెలంగాణ విధానం 2030 నాటికి 20,000 మెగావాట్లు అంటోంది. ఆ లక్ష్యాల్లో వ్యవసాయ ఫీడర్ల వాటా ఎంత, ఏ ఏడాదికి ఎన్ని ఫీడర్లు అన్నది జిల్లాలవారీగా ప్రజల ముందు పెట్టాలి. ఉచిత విద్యుత్ పద్దు సోలార్ వల్ల ఏటా ఎంత తగ్గిందో బడ్జెట్ పత్రాల్లో విడిగా చూపించాలి. రెండు శాసనసభల్లోనూ ఏ పార్టీ సభ్యుడైనా సరే, తన నియోజకవర్గంలో ఎన్ని వ్యవసాయ ఫీడర్లున్నాయి, వాటిలో ఎన్ని సౌర విద్యుత్తుతో నడుస్తున్నాయి అని వచ్చే బడ్జెట్ సమావేశాల్లోనే ప్రభుత్వాన్ని లిఖితపూర్వకంగా అడగాలి.