చెరువు హద్దును ఆకాశం నుంచి చూసి తేల్చాలి

కోనరావుపేట మండల రైతులకు, పంచాయతీ సభ్యులకు విజ్ఞప్తి.

2023 అక్టోబర్‌లో సిక్కింలోని దక్షిణ ల్హోనాక్ సరస్సు తెగి తీస్తా లోయను ముంచేసింది. పైనున్న హిమానీనదం కరిగి వెనక్కి జరిగినకొద్దీ ఆ సరస్సు ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చింది. సెప్టెంబర్ 28న 167 హెక్టార్లున్న నీరు అక్టోబర్ 4 నాటికి 60 హెక్టార్లకు పడిపోయిందని ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టింది హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటరే. హిమాలయ నదీ పరీవాహకాల్లో పది హెక్టార్లు దాటిన 2,431 సరస్సుల్లో 676 సరస్సులు 1984 నుంచి బాగా పెరిగాయని 2024లో ఇస్రో ప్రకటించింది.

మనిషి చేరడమే కష్టమైన మంచుకొండల్లో నీటి హద్దు తేలుతోంది. మన ఊరి చెరువు శిఖం ఎంతవరకో మాత్రం ఇప్పటికీ పంచాయితీయే! మల్కపేట రిజర్వాయర్‌కు ఎంత నీరు ఎత్తిపోసినా, అది నిలవడానికి ఊళ్లలో చెరువు మిగలాలి కదా.

పరారుణ కాంతిని నీరు మింగేస్తుంది, పచ్చని పైరు వెనక్కి కొడుతుంది. అందుకే ఉపగ్రహం తీసిన పరారుణ చిత్రంలో చెరువు నల్లగా, పొలం ఎర్రగా విడివిడిగా కనిపిస్తాయి. 1984 నుంచి ఉన్న ల్యాండ్‌శాట్ చిత్రాల్లో ఒక్కో చుక్క దాదాపు తొమ్మిది గుంటల నేల. 2015లో మొదలైన సెంటినెల్-2 చిత్రాల్లో ఒక్క గుంట. రెండూ ఉచితమే.

అయితే ఒక్క చిత్రం చూపించి ఎవరినీ దోషిగా నిలబెట్టొద్దు. కరువు ఏడాది చెరువు ఎండుతుంది, నీరు తగ్గిన శిఖంలో పేదలు నాలుగు గింజలు పండించుకుంటారు. మత్తడి దూకిన ఏళ్ల చిత్రాలను, అదీ వానలు తగ్గాక తీసినవాటిని, పక్కపక్కన పెట్టి చూడాలి. గుర్రపు డెక్క, సర్కారు తుమ్మ కమ్మిన చోట నీరు కనబడదు. పూడిక లోతు అసలే తెలియదు. అక్కడ నీరటి మాట, పాత రైతుల జ్ఞాపకం, గ్రామ నక్షా కావాలి.

వచ్చే గ్రామసభలో తీర్మానం చేద్దాం. ప్రతి చెరువుకూ కుంటకూ 1984 నుంచి ఐదేళ్లకొక చిత్రం తెప్పించి పంచాయతీ గోడకు అంటించాలి. అభ్యంతరాలు విన్నాకే నీటిపారుదల, రెవెన్యూ శాఖలు కలిసి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటిమట్టం) రాళ్లు పాతాలి. ఏటా మత్తడి దూకాక కొత్త చిత్రంతో సరిచూడాలి. తీర్మానం ప్రతిని తహసీల్దారుకు, కలెక్టరుకు ఇచ్చి రశీదు తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం.