విశ్పల ఇనుపకాలు, ఆరు మిలియన్ డాలర్ల మనిషి, మా పెద్దాయన బొటనవేలు

ఆర్.కె. పురంలో మా సెక్టారు పార్కులో పొద్దున్నే నడిచే బృందం ఒకటుంది. అందరమూ రిటైరైన వాళ్ళమే, అందులో తెలుగువాళ్ళం నలుగురం. ఆ నలుగురిలో పెద్దాయన ఒకరు, పేరెందుకు లెండి, చాలా ఏళ్ళుగా షుగరు మనిషి. పోయిన వారం కుడికాలి బొటనవేలికి గుడ్డ కట్టుకుని కుంటుతూ వచ్చారు. చెప్పు కరిచి పుండు పడిందట. డాక్టరుకి చూపించారా అంటే పసుపు పెట్టాను, అదే మానుతుంది అన్నారు. మానకపోతే?

"పోతే పోనీవోయ్, కాలేగా! విశ్పలకి అశ్వినీదేవతలు ఏనాడో ఇనుపకాలు పెట్టారు. మీ సైన్సువాళ్ళు ఇప్పుడు అదే పెడుతున్నారు."

పక్కనే ఉన్న ఆయన మనవడు ఇంజనీరింగు కుర్రాడు. సైన్సు ఫిక్షన్ తెగ చదువుతాడు. వాడు ఇంకో అడుగు ముందుకేశాడు. "అంకుల్, కాళ్ళూ చేతులూ కళ్ళూ మెషీన్లు అయిపోతే మనిషి రెండొందల ఏళ్ళు బతకొచ్చు. గుండె ఇంత మాంసానికి రక్తం కొట్టక్కర్లేదు కదా!"

తాత వేదంలోంచి, మనవడు నవలల్లోంచి ఒకే తప్పు లెక్క పట్టుకొచ్చారు. జీతమంతా రక్షణ శాఖ పద్దులు చూసి సంపాదించిన వాణ్ణి. తప్పు లెక్క కనబడితే అభ్యంతరం రాయకుండా ఉండలేను.

ముందు తాతగారి పద్దు. ఋగ్వేదం మొదటి మండలం 116వ సూక్తం తీసి చూడండి. అశ్వినుల ఘనకార్యాల జాబితా అది. విశ్పలకి లోహపు కాలు అమర్చింది 15వ ఋక్కులో. ఆ పక్కదే, 16వ దానిలో, తండ్రి గుడ్డివాణ్ణి చేసిన ఋజ్రాశ్వుడికి కళ్ళిచ్చారు. కొంచెం వెనక్కి, 10వ దానిలో, చ్యవనుడి ముసలితనం ఊడదీసి ఆయుష్షు పొడిగించారు. కాలు, కన్ను, ఆయుష్షు, మూడూ ఒకే సూక్తంలో ఉన్నాయి! సైన్సు ఫిక్షన్ రచయితకి ఇంతకంటే మంచి ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది? ఆ ఊహని నేను నిజంగానే మెచ్చుకుంటాను. కాలు పోయినవాళ్ళని చూసి ఎవరో ఒక కవి కోరుకున్న కోరిక అది.

కోరికకీ రసీదుకీ తేడా ఉంది కదా. ఆ కాలు ఎలా చేశారు, తొడకి ఎలా బిగించారు, ఎవరికి నేర్పారు, రెండో కాలు ఎవరికి పెట్టారు? ఒక్క ముక్క లేదు. పిషెల్ వంటి జర్మన్ పండితులైతే విశ్పల ఆడమనిషే కాదు, పందెపు గుర్రమన్నారు. అదే మన దేశంలో సుశ్రుత సంహిత చూడండి. కంటిశుక్లాన్ని సూదితో పక్కకి నెట్టే పద్ధతి అంచెలంచెలుగా రాసి ఉంది. అది లెక్కకి వచ్చే పద్దు, దానికి దండం పెడతాను. కానీ సుశ్రుతుడు కంట్లో కొత్త కటకం పెట్టలేదు. ఆ పని మొదట చేసింది 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ. యుద్ధవిమానాల అద్దాల ముక్కలు కంట్లో దిగిన పైలట్లని చూసి, ఆ ప్లాస్టిక్‌ని కన్ను తిరస్కరించడం లేదని గమనించాడు. మంత్రం చదవలేదు, గమనించాడు.

ఇక మనవడి పద్దు. మార్టిన్ కైడిన్ 1972లో 'సైబోర్గ్' అనే నవల రాశాడు. దాన్నుంచే 'సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్' అనే టీవీ సీరియల్ వచ్చింది. విమానం కూలి చావుబతుకుల్లో ఉన్నవాడికి రెండు కాళ్ళు, ఒక చెయ్యి, ఒక కన్ను యంత్రాలవి పెడతారు. వాడు కారుని మించి పరిగెత్తుతాడు. పరిగెత్తనీయండి. వాడి మూత్రపిండాలు, మెదడు రక్తనాళాలు, కాలేయం పాతవే కదా? అంబాసిడర్ కారుకి కొత్త టైర్లు, కొత్త హెడ్‌లైట్లు వేస్తే ఇంజను వయసు తగ్గుతుందా? మా లెక్కల్లో దాన్ని మరమ్మతు ఖర్చు కింద రాస్తాం. యంత్రం ఆయుష్షు పెంచితేనే పెట్టుబడి కింద రాస్తాం.

మా శాఖలో ఆయుష్షుకి ధర కట్టే కాగితం ఒకటుంది, కమ్యుటేషన్ పట్టిక. పింఛనులో కొంత భాగం ముందే మొత్తంగా తీసుకుంటే ఎన్ని ఏళ్ళ సొమ్ము ఇవ్వాలో వయసుని బట్టి అందులో ఉంటుంది. రాబోయే పుట్టినరోజుకి 61 నిండేవాడికి గుణకం 8.194. అనారోగ్యంతో ముందుగా దిగిపోయినవాడైతే వైద్యులు పరీక్షించి, అవసరమనుకుంటే అసలు వయసుకి కొన్ని ఏళ్ళు కలపొచ్చు. జాతకంతో ఆ పట్టికకి పని లేదు, వేదంతో అసలే లేదు.

యంత్రం ఆయుష్షు పెంచిన సందర్భం లేదా? ఉంది. 1958 అక్టోబరులో స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే ఆయనకి మొట్టమొదటి పేస్‌మేకర్ శరీరం లోపల పెట్టారు. అది కొద్ది గంటలే పని చేసింది. తరవాత మారుస్తూ మారుస్తూ మొత్తం 26 వాడాడు. శస్త్రచికిత్స చేసిన డాక్టరు కంటే, దాన్ని తయారు చేసిన ఇంజనీరు కంటే ఎక్కువ కాలం ఉండి, 2001లో 86వ ఏట పోయాడు, అదీ గుండెతో కాదు, క్యాన్సర్‌తో. మనవడు కథ రాయాలంటే ఆ మనిషి మీద రాయాలి. కానీ ఛాతీలో డబ్బా కదా, అట్టమీద బొమ్మకి పనికిరాదు!

గుండెకి భారం తగ్గుతుందన్న వాదన ఇంకా విడ్డూరం. మోకాలి పైన కాలు పోయినవాడికి కృత్రిమ కాలుతో నడవడానికి మామూలు మనిషి కంటే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అవయవాలు పోగొట్టుకున్న అమెరికన్ సైనికుల లెక్క తీసి, హ్రుబెక్, రైడర్ 1980లో ప్రచురించారు. తొడ దగ్గర కాలు తెగినవాళ్ళలో, రెండు కాళ్ళూ పోయినవాళ్ళలో గుండెజబ్బు చావులు ఎక్కువని తేలింది. వీళ్ళు కుర్రతనంలో దెబ్బ తిన్నవాళ్ళు, రోగులు కారు. అదే షుగరు వల్ల, నాళాలు పూడుకుపోయి కాలు తీసేయాల్సి వచ్చినవాళ్ళలో సుమారు సగం మంది ఐదేళ్ళు దాటరు. కృత్రిమ కాలు చంపుతుందని కాదు దీనర్థం. కాలిని కుళ్ళబెట్టినదే గుండె దగ్గరా పని చేస్తోందని అర్థం.

నా పాత సహోద్యోగి ఒకాయన ఇలాగే మడమ పుండుకి తాయెత్తు కట్టుకుని నాలుగు నెలలు గడిపాడు. తొడ దాకా తీసేశారు. కాలు చక్కగా కుదిరింది, మెట్లెక్కేవాడు, పెళ్ళిళ్ళకి వచ్చేవాడు. "చూశావా, కొత్త కాలు!" అని ప్యాంటు ఎత్తి చూపించేవాడు. సిగరెట్టు మానలేదు, షుగరు చూపించుకోలేదు. మూడేళ్ళు తిరక్కుండా గుండెపోటుతో పోయాడు. ఆ కాలికి గీత కూడా పడలేదు.

కళ్ళ సంగతి. ఆర్గస్ 2 అనే కృత్రిమ రెటీనాకి అమెరికా 2013లో అనుమతి ఇచ్చింది. అరవై ఎలక్ట్రోడులు, ధర సుమారు లక్షన్నర డాలర్లు. ప్రపంచం మొత్తం మీద 350 మందికి పైగా పెట్టించుకున్నారు. చీకట్లో ఉన్నవాళ్ళకి వెలుగు మచ్చలు కనిపించాయి, అది చిన్న విషయం కాదు. 2019లో కంపెనీ ఆ సరుకు ఆపేసింది, 2020లో దివాలా అంచుకి వెళ్ళింది. చెడిపోతే బాగుచేసేవాడు లేని యంత్రం కంట్లో పెట్టుకుని వాళ్ళు మిగిలారు. మనిషి ఆయుష్షు కంటే కంపెనీ ఆయుష్షు తక్కువ అన్న మాట. రెండొందల ఏళ్ళ కథలు రాసే బాబులు విడిభాగాలు ఎవరిస్తారో ఒక్క పేజీలోనైనా రాయరు.

మరోపక్క 1968 నాటి జైపూర్ పాదం ఉంది. పి.కె. సేథీ అనే డాక్టరు, రామచంద్ర శర్మ అనే పెద్దగా చదువుకోని శిల్పి కలిసి రబ్బరు, చెక్కతో చేశారు. పొలంలో నడవొచ్చు, బాసింపట్టు వేయొచ్చు, అరిగితే మార్పించుకోవచ్చు. దాంతోనే సుధాచంద్రన్ నాట్యం చేశారు, తెలుగులో 'మయూరి' వచ్చింది. (ఆ సినిమా తీసిన సింగీతం శ్రీనివాసరావే తరవాత కాలయంత్రంతో 'ఆదిత్య 369' తీశారు. ఏది సైన్సో ఏది కథో ఆయనకి తెలుసు.) హైదరాబాదు నిమ్స్‌లో పోలియో పిల్లలు మూడు కిలోల పైచిలుకు కాలిపర్లు ఈడుస్తుంటే, క్షిపణికి వాడే పదార్థంతో వాటిని 300 గ్రాములకి దించామని కలాంగారు చెప్పుకునేవారు. రక్షణ పద్దుల్లో నాకు నచ్చిన ఖర్చు అదొక్కటే అంటే అతిశయోక్తి, కానీ ఎక్కువ అతిశయోక్తి కాదు. ఇవేవీ ఆయుష్షు పెంచుతామని చెప్పలేదు. బతికినన్నాళ్ళూ నడిపిస్తామన్నాయి.

ఒక చిత్రం. కథల్లో ఎవరూ పట్టించుకోని శుక్లం కటకమే ఆయుష్షుకి కాస్త దగ్గరగా వచ్చింది. ఆస్ట్రేలియాలో బ్లూ మౌంటెన్స్ కంటి అధ్యయనంలో, శుక్లం ఆపరేషనుతో చూపు సరైనవాళ్ళలో చావులు తక్కువగా కనిపించాయని 2013లో ప్రచురించారు. ఆపరేషనుకి వెళ్ళగలిగినవాళ్ళు ముందే కాస్త గట్టివాళ్ళు కావచ్చు, కాబట్టి నేను ఎగిరి గంతెయ్యను. నాకూ రెండు కళ్ళకీ ఆ కటకాలే ఉన్నాయి. మెట్లు కనిపిస్తాయి, మాత్రల మీద అక్షరాలు కనిపిస్తాయి.

ఇదంతా పార్కు బెంచీ మీద తాతామనవళ్ళకి చెప్పాను. విశ్పల గుర్రమంటే పెద్దాయనకి కోపం వచ్చింది, ఆధారం చూపించమన్నారు, చూపిస్తానన్నాను. మనవడు మాత్రం మాట్లాడకుండా వంగి తాత కాలి గుడ్డ విప్పి చూశాడు. వాసన వస్తోంది. ఆటో పిలిచాడు. పెద్దాయన దారి పొడుగునా నన్ను తిడుతూనే ఎక్కారు. ఇవాళ్టికి ఆరో రోజు, వేలు ఇంకా ఉంది, చక్కెర 380 నుంచి దిగుతోంది.