పిల్లలతో చూడదగ్గ చిత్రం: "లా గేర్ దె ట్యూక్"

ఈ మాటు క్యుబెక్ వారి ఫ్రెంచి చిత్రం. "ట్యూక్" అంటే మరేం కాదు, నవంబరు రాగానే మనం పిల్లల నెత్తిన బలవంతాన లాగే ఊలుటోపీ! ఆంగ్లంలో "ది డాగ్ హూ స్టాప్డ్ ది వార్" అన్నారు. ఆంద్రే మెలాన్సాన్ దర్శకుడు. 1984లో వచ్చింది. రాక్ డెమెర్ నిర్మించిన బాలల చిత్రమాలలో ఇదే మొదటిది.

కథ చిన్నది. క్రిస్మస్ సెలవుల్లో ఒక ఊరి పిల్లలు రెండు జట్లుగా చీలి మంచు ఉండలతో యుద్ధం చేస్తారు. ఒక జట్టు కట్టిన మంచుకోట చూస్తే మన ఇంజనీరు సోదరులకు కూడా అసూయ పుడుతుంది. సేనాధిపతుల హుకుములు, వ్యూహాలు, పంతాలు చూసి పకపకా నవ్వుతాం. మధ్యలో పియేర్ అనే కుర్రవాడి సెయింట్ బెర్నార్డ్ కుక్క, క్లియో. దానికి ఏ జట్టయినా ఒకటే.

చివర్లో కోట కూలి, దాని కింద పడి క్లియో చనిపోతుంది. కథ ముందే చెప్పేశానని అనుకోకండి, పసిపిల్లల తల్లిదండ్రులకు తెలియాలి. 1971 నాటి "హాథీ మేరే సాథీ"లో ఏనుగు చనిపోతే తిట్టుకోవడానికి ఒక దుర్మార్గుడున్నాడు. ఇక్కడ ఎవరూ లేరు. వాళ్ళ ఆటే దాన్ని చంపింది. పిల్లల్ని కుదిపేసేది అదే.

ఇండియా నుంచి తాతగారు పోయిన కబురు ఫోనులో వస్తే పిల్లల్ని పక్కగదిలోకి పంపేవాళ్ళం మనం. ఈ చిత్రం చూశాక వాళ్ళు అడుగుతారు. దయచేసి క్లియో నిద్రపోయిందని మాత్రం చెప్పకండి.

ఆరేళ్ళ లోపు వారికి కొంత ఆగడం మేలు. 2015లో దీన్నే బొమ్మల చిత్రంగా మళ్ళీ తీశారు. ముందు పాతదే చూడండి.