ఉప్పు తిన్నవాని తీర్పు

భోజనశాలల మంచిచెడ్డలు నిర్ణయించి లోకమునకు చెప్పెదమని బయలుదేరినవారు నేడు తెలుగునాట కోకొల్లలు. హైదరాబాదు, విజయవాడలతో ఈ వేడుక నిలిచిపోలేదు. చిన్నచిన్న పేటలకును ప్రాకుచున్నది. చేత చరవాణి యున్న ప్రతి యువకుడును విమర్శకుడే. ఇందుకు మేము విచారింపము. తాను తిన్న కూడు రుచిగా నున్నదో లేదో చెప్పుటకు ఒకరి యనుమతి యేల? కాని, "అయ్యా, ఆ కూటికి వెల యెవ్వరిచ్చిరి?" అని యడిగినచో బదులు రాదు. మా పోరాటము ఆ మౌనముతోనే.

నడచుచున్న తంతు అందరెరిగినదే. యజమాని పిలుచును, ఉచితముగా వడ్డించును, చేతిలో నింత రొక్కము పెట్టును. వచ్చినవాడు మొదటి ముద్ద మింగకమునుపే కన్నులు మూసి తల యూపును. బిరియాని అద్భుతము, పులుసు అద్భుతము, కడకు చేతులు కడుగుకొను తొట్టియు నద్భుతము! అందరును ఇట్టివారని మేమనము. స్వంత సొమ్ముతో తిని సత్యము చెప్పువారును కలరు. అయితే వారెవ్వరో వీరెవ్వరో చూచువానికి తెలియుట యెట్లు? ఉప్పు తిన్నవాడు యజమానునికి ద్రోహము చేయడని మన పెద్దలు మెచ్చుకొనిరి. సేవకునికి అది సుగుణము. న్యాయము చెప్పువానికి అదియే దోషము.

ఇందు నష్టపోవువారెవ్వరు? గుంటూరు నంద్యాల రైలుమార్గమున కంభములోనో మార్కాపురము రోడ్డులోనో దిగి, ఆకలితో ఫోను చూచుకొని త్రోవ వెదకు బాటసారి యొకడు. వానికంటె నెక్కువగా నష్టపోవువాడు, బేస్తవారిపేట వంటి యూరిలో తెల్లవారకమునుపే పొయ్యి రాజేసి, నాటినూనె నానాడే మార్చుచు, న్యాయమైన వెలకు అన్నము పెట్టు చిన్న హోటలువాడు. పొగడ్త కొనుటకు వానియొద్ద సొమ్ము లేదు. సొమ్మున్న పొరుగువాని యింటికి జనము విరుగబడుచుండగా వీడు మిగిలిన అన్నమును చూచుకొని కూర్చుండును.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. వినుకొండ మనకెంత దూరము? ఆ ఊరి పేరు ఇంటిపేరుగా గల వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూళ్ళయింటి ముచ్చట యున్నది. అది యెవరి యిల్లో చెప్పబడినది, ఏమేమి వడ్డింతురో చెప్పబడినది, వెల ఒక రూక యనియు చెప్పబడినది. ఇంచుమించు ఆరు వందల యేండ్లనాటి కావ్యమున నున్న ఈ మూడు సంగతులును నేటి అరగంట చిత్రములలో పెక్కింట కానరావు. మనకు పొరుగైన పల్నాటి జొన్నకూటిని ఎకసక్కెమాడిన చాటువులు శ్రీనాథుని పేర ప్రచారమున నున్నవి. జొన్నలు తినువారము కనుక మాకా తీర్పు రుచింపదు. అయినను అది కొన్న తీర్పు కాదు.

ఫ్రాన్సు దేశమున మిషెలిన్ అను టైర్ల కంపెనీ 1900లో బాటసారులకు దారి చూపు పుస్తకమును వెలువరించి, 1926 మొదలు మేలైన భోజనశాలలకు నక్షత్రము లిచ్చుచున్నది. దాని పరీక్షకులు తామెవ్వరో చెప్పుకొనరు. తిన్నదానికి వెల తమ కంపెనీ సొమ్ముతో చెల్లింతురు. ఇట్టి కట్టుబాటు లేనిచోట నేమగునో 2017లో లండనున తేటపడినది. ఊబా బట్లర్ అను రచయిత తన పెరటి కొట్టమునే భోజనశాల యని చాటి, మిత్రులచేత అబద్ధపు మెప్పులు వ్రాయించి, ట్రిప్ అడ్వైజర్ పట్టికలో దానిని ఆ మహానగరమునకే మొదటి స్థానమున నిలిపెను. అప్పటికి అచట ఒక్కనికైనను అన్నము పెట్టియుండలేదు!

మన దేశమున చట్టము లేదా? ఉన్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి, తప్పుద్రోవ పట్టించు ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకును, మరల చేసినచో 50 లక్షల వరకును జరిమానా విధింపవచ్చును. సొమ్ము కాని, బహుమానము కాని, ఉచిత విడిది కాని పొంది పొగడువారు ఆ సంగతిని స్పష్టముగా చెప్పవలెనని 2023 జనవరిలో కేంద్రప్రభుత్వము మార్గదర్శనము చేసినది. ఢిల్లీలో వ్రాసిన అక్షరము నల్లమల దాటి వచ్చుట కెంతకాలము పట్టునో!

కావున నమ్మదగిన మాట చెప్పదలచిన మన ప్రాంతపు యువకులు మా మనవి విందురుగాక. ముందుగా చాటుకొని వెళ్ళకుడు. వెల మీరే యిండు. ఒక్క పూట తిని తీర్పు చెప్పకుడు. మధ్యాహ్నము మొదటి పంక్తిలో నొకనాడు, మూడు గంటలకు కుండ అడుగంటినప్పుడు వేరొకనాడు తినుడు. తేదీ, వెల, వడ్డించిన కొలత వ్రాయుడు. ప్రకటనకు సొమ్ము పుచ్చుకొనుట మీ యిష్టము, కాని దానిని ప్రకటన యనియే పిలువుడు. యజమాని మీ మేనమామ యైనచో అదియు చెప్పుడు.

అన్నిటికంటె ముఖ్యముగా నీటిని గూర్చి యడుగుడు. ఈ పడమటి సీమలో భూగర్భజలమున ఫ్లోరైడు దోషము గల గ్రామము లెన్నియో యున్నవి. త్రాగునీట అది లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు ఓర్వవచ్చుననియు భారతీయ ప్రమాణము. నాలుక దీనిని పసికట్టలేదు. పండ్లును ఎముకలును ఏండ్ల తరువాత చెప్పును. గ్లాసులో శుద్ధజలము పోసి పప్పును బోరునీట నుడికించు వంటయిల్లు ఏది? ఈ ప్రశ్న యడుగని విమర్శకుడు వేయి వంటకములను వర్ణించిననేమి? ఆహారభద్రతా సంస్థ యిచ్చు 14 అంకెల సంఖ్య గోడపై నున్నదా? పలుమారులు కాగిన నూనెలో పుట్టు చెడుపదార్థములు నూటికి 25 పాళ్ళు మించరాదని 2018 జూలై నుండి నిబంధన యున్నది. కొలుచు సాధనము మీయొద్ద లేకున్నను, నల్లబడి నురుగు గట్టిన బాణలి కంటికి కనబడును గదా!

అన్నమును నిందింపరాదని ఉపనిషత్తే చెప్పినదని కొందరు పెద్దలు మమ్ము మందలింపవచ్చును. మేము నిందించునది అన్నమును కాదు. పాసినకూటికి పొగడ్త పూసి యమ్ము బేరమును. చిన్న వర్తకుల పొట్ట కొట్టెదరా యనువారును కలరు. ఆ పొట్ట ఇప్పుడే కొట్టబడుచున్నది, అదియు కొన్న పొగడ్తల చేతనే.

బేస్తవారిపేట హోటళ్ళ యజమానులకొక మాట. చరవాణి చేతబట్టి వచ్చినవానికిని అందరివలెనే విస్తరి వేయుడు. అందరివలెనే బిల్లు వ్రాసి చేతికిండు.