అరుంధతి ఫోన్‌లో ఉంది

వైశాఖ మాసం, రాత్రి తొమ్మిదిన్నర. హైదరాబాద్ శివార్లలో ఓ ఫంక్షన్ హాలు. పురోహితుడు గారు కొత్త దంపతుల్ని ఆరుబయటికి తీసుకొచ్చి ఉత్తరం వైపు వేలు చూపించారు. ‘అదుగో అరుంధతి. కనిపించిందా అమ్మా?’ పెళ్లికూతురు తలూపింది. పెళ్లికొడుకు తమ్ముడు ఫోన్ పైకెత్తి స్టెల్లేరియం అనే నక్షత్రాల యాప్ తెరిచాడు. తెర మీద సప్తర్షి మండలం, తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని అరుంధతి. ‘ఇదిగో వదినా, ఇక్కడుంది’ అన్నాడు. అందరూ ఫోన్‌లోకి తొంగిచూశారు.

యాప్ అబద్ధమాడలేదు. మన ఊరి అక్షాంశ రేఖాంశాలు, గడియారం, నక్షత్రాల పట్టిక చేతిలో ఉంటే ఆ క్షణాన ఏ చుక్క ఎక్కడుందో అది తప్పు లేకుండా లెక్కకడుతుంది. అయితే నెత్తిన ఉన్నది కంటికి ఆనుతుందా అన్నది వేరే లెక్క. కంప్యూటర్‌లో నడిచే స్టెల్లేరియంలో కాంతి కాలుష్యాన్ని కూడా మార్చి చూసుకునే సెట్టింగు ఉంది. దాని జోలికి వెళ్లేవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

వశిష్ఠుడి మాగ్నిట్యూడ్ 2.2, అరుంధతిది 4. (అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఖగోళంలో ఈ తిరకాసు పాతదే.) రాత్రి ఆకాశం ఎంత చీకటిగా ఉందో చెప్పడానికి జాన్ బోర్టిల్ 2001లో 9 మెట్ల కొలమానం ఇచ్చాడు. ఆఖరి మెట్టు మహానగరం నడిబొడ్డు. అక్కడ మామూలు కంటికి అందే హద్దు దాదాపు 4. అంటే అక్కడ అరుంధతి సరిగ్గా గడప మీద నిలబడి ఉంది. శివార్లలోనైనా కాస్త దుమ్ము, హాలు ముందు ఒక ఫోకస్ లైటు చాలు, గడప అవతలికి వెళ్లిపోవడానికి. మంచి చీకటి ఉన్న చోట ఒకేసారి రెండు వేలకు పైగా చుక్కలు కనిపిస్తాయి. హద్దు 4కి పడిపోతే మిగిలేవి రెండు మూడు వందలే.

నన్ను కలవరపెట్టేది ఆకాశం ఇలా తెల్లబారుతున్న వేగం. ‘గ్లోబ్ ఎట్ నైట్’ అనే కార్యక్రమంలో మామూలు జనం తమ ఆకాశాన్ని ఆన్‌లైన్ పటాలతో పోల్చి, ఏ పటానికి దగ్గరగా ఉందో నమోదు చేస్తారు. 2011 నుంచి 2022 దాకా అలా పోగైన 51 వేల పైచిలుకు నమోదులను క్రిస్టఫర్ కైబా బృందం విశ్లేషించి, 2023 జనవరిలో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించింది. ఆకాశపు వెలుగు ఏడాదికి సగటున 9.6 శాతం పెరుగుతోందని తేలింది. అంటే ఎనిమిదేళ్లలోపే రెట్టింపు. బిడ్డ పుట్టిన రోజున 250 చుక్కలు కనిపించే చోట, ఆ బిడ్డకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి వందే మిగులుతాయి.

ఉపగ్రహ కొలతల్లో మాత్రం ఈ పెరుగుదల ఏడాదికి రెండు శాతం దగ్గరే కనిపించింది. తేడా ఎక్కడుంది? ఉపగ్రహాల్లోని ప్రధాన సెన్సర్‌కు 500 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగాలు, అంటే నీలి కాంతి, కనబడదు. సోడియం దీపాల కన్నా తెల్ల ఎల్‌ఈడీలు ఎక్కువగా చిమ్మేది అదే, గాలిలో ఎక్కువగా చెదిరేదీ అదే. పసుపు సోడియం దీపం తీసి తెల్ల ఎల్‌ఈడీ పెడితే, ఉపగ్రహానికి ఆ వీధి మసకబారినట్టు కూడా అనిపించవచ్చు. కింద నిలబడి చూసేవాడికి ఆకాశం తెల్లబారుతుంది. మన దేశంలో వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చే జాతీయ పథకం మొదలైంది 2015లో. కరెంటు ఆదా అయింది, కాదనను. ఆ దీపాలకు పైన డొప్ప ఉందా, వెలుగు నేల మీదే పడుతోందా అని అడిగినవాళ్లు తక్కువ.

ఇంకో మాట. ఆ అధ్యయనంలో యూరప్‌కు 6.5 శాతం, ఉత్తర అమెరికాకు 10.4 శాతం అని విడి అంకెలున్నాయి. మనం ‘మిగతా ప్రపంచం’లో కలిసిపోయాం, 7.7 శాతంతో. నమోదులు అంత పలచన. అలాగని చుక్కలు చూడటం మనకు కొత్త కాదు. నగరానికి దూరమని రంగాపూర్‌లో దూరదర్శిని పెట్టుకున్న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్న ఊరు మనది!

అమావాస్య దగ్గరి రోజుల్లో డాబా ఎక్కి, ఫోన్ జేబులో పెట్టి, ఇరవై నిమిషాలు ఆగండి. తర్వాత ‘గ్లోబ్ ఎట్ నైట్’ పటంతో పోల్చి నమోదు చేయండి. ఏమీ కనబడకపోతే అదీ నమోదే.

ఆ రాత్రి భోజనాల దగ్గర పురోహితుడు గారిని మెల్లగా అడిగాను, మీకు కనిపించిందా అని. ఆయన విస్తరిలోకే చూస్తూ అన్నారు: ‘ఎక్కడ బాబూ, చాలా ఏళ్లయింది. దిక్కు తెలుసు కదా, అటు చూపిస్తా.’