పేరు చూచుటకు ముందు గుర్తు చూడవలెను

వైద్యశాలలో సీసామీది చీటి తప్పైనచో, లోపలి మందు మంచిదేయైనను రోగికి కీడు వాటిల్లును. కంప్యూటరు తీగలపై బోవు వార్తలకు బెట్టెడి పేర్లును అట్టివేయని నా యభిప్రాయము.

మన పై తరగతుల విద్యార్థులలో గొందఱు వైర్‌షార్క్ అను పరిశీలన సాధనమును జూచియుందురు. గెరాల్డ్ కూంబ్స్ అను నాతడు 1998లో దీనిని ఈథరియల్ అను పేర వెలువరించెను. 2006లో దీనికి నేటి పేరు వచ్చెను. తీగపై బోవు ఫ్రేములను బట్టి విప్పి, ఒక్కొక్కదానికి 'ఈథర్‌నెట్ 2' అనియో 'ఐ ట్రిపుల్ ఈ 802.3' అనియో పేరు వ్రాసి యిది చూపును. ఈ రెండు పేర్లేల గలిగెనో తెలిసికొనుట యావశ్యకము.

ఈథర్‌నెట్ 1973లో అమెరికాలోని జెరాక్స్ పరిశోధనాలయమున బుట్టినది. 1980లో డిజిటల్, ఇంటెల్, జెరాక్స్ సంస్థలు మూడును గలిసి దాని నియమములను బ్రకటించెను. 1982లో రెండవ కూర్పు వచ్చెను. ఫ్రేము మొదట జేరవలసినవాని చిరునామాకు 6 బైట్లు, పంపినవాని చిరునామాకు 6 బైట్లు, ఆపైని 2 బైట్లు. ఈ రెండింట లోపలి సరకు రకమును వ్రాసిరి. 2048 అన్నచో ఐపి నాలుగవ కూర్పు. 2054 అన్నచో ఏఆర్‌పి. 34525 అన్నచో ఐపి ఆఱవ కూర్పు. కాని 1983లో ఆమోదము పొందిన 802.3 ప్రమాణము అదే చోటున సరకు నిడివిని వ్రాయుమనెను. చోటొకటి, అర్థములు రెండు! సరకు 1500 బైట్లకు మించరాదు గనుక చిక్కు తీరినది: ఆ సంఖ్య 1500 గాని తక్కువ గాని యైనచో నిడివి, 1536 గాని యెక్కువ గాని యైనచో రకము. నడుమ నున్న సంఖ్యల కర్థమే లేదు.

నిడివి గల ఫ్రేములలోను భేదములు గలవు. సాధారణముగా నిడివి తరువాత మూడు బైట్ల శీర్షికయుండును. అవి 170, 170, 3 అయినచో మఱియైదు బైట్ల స్నాప్ శీర్షిక వచ్చును. నోవెల్ సంస్థవారు మాత్రము వీనినన్నిటిని విడిచి, నిడివి వెంటనే తమ ఐపిఎక్స్ సరకును బెట్టిరి. దాని మొదటి రెండు బైట్లును 255. పైగా దీనికే '802.3' అని పేరిడి, శీర్షిక గలదానిని '802.2' అనిరి. ఒకే తీగకు దగిలించిన రెండు యంత్రములలో వేర్వేఱు ఫ్రేము రకముల నేర్పఱచినచో, అవి యొకదాని నొకటి యెఱుగక యుండెడివి.

నేను జేసిన పొరపాటొకటి చెప్పెదను. ఒక చిన్న కార్యాలయమున గంప్యూటర్ల పని చూచుచుండగా, రెండేసి సెకనుల కొకసారి వచ్చు ఫ్రేములు తెరపై గనబడెను. తక్కినవన్నియు 'ఈథర్‌నెట్ 2' కాగా వీనికి మాత్రము '802.3' అని పేరుండెను. ఏదో పాతయంత్రపు చెత్త యనుకొని, స్విచ్చిలో నా యేర్పాటును నిలిపివేసితిని. లోపలి మూడు బైట్లను జూచియున్నచో 66, 66, 3 అని కనబడెడిది. అది స్పానింగ్ ట్రీ యను కాపలాదారుని గుర్తు. స్విచ్చిల నడుమ రెండు తీగలున్నప్పుడు వార్తలు గుండ్రముగా దిరుగకుండ నొక దారిని మూసియుంచునది యదియే. కాపలా తొలగగానే వార్తలు తిరిగి తిరిగి పెరిగిపోయి, నిమిషములలో బనియంతయు నిలిచిపోయెను. సాధనము నా కసత్యము చెప్పలేదు. నేనే పేరుతో దృప్తిపడితిని.

1997లో 802.3 ప్రమాణము రెండర్థములను నంగీకరించినది. కనుక నిడివి గలదానికి మాత్రమే '802.3' అనుట నేడు సరిగాదు. 'రకపు ఫ్రేము', 'నిడివి ఫ్రేము' అనుట మేలని నా తలంపు. పాతపేర్లు గ్రంథములలో నాటుకొని యున్నవి, మార్చిన గందరగోళ మగునని కొంద ఱందురు. అందును న్యాయము లేకపోలేదు. అట్లైన బేర్లుండనిండు, కాని యా పేరు నిర్ణయించిన సంఖ్య పేరు ప్రక్కనే యుండవలెను. నేడది క్రింది వరుసలో నున్నది, తొందరగలవాడు చూడడు. 1500కును 1536కును నడుమ సంఖ్య వచ్చినచో 'తెలియదు' అని వ్రాయుటకు సాధనము గాని మనుష్యుడు గాని సిగ్గుపడరాదు.

ప్రయోగశాలలో బిల్లలచేత మొదట బేరును గప్పి, పదుమూడవ పదునాలుగవ బైట్లను జదివించి, పది ఫ్రేములను స్వయముగా గుర్తింపజేయవలెనని యుపాధ్యాయులను గోరుచున్నాను. దీనికి వ్యయములేదు, ఒక గంట చాలును. విద్యార్థులారా! ఒకరు వ్రాసిన పేరు మీకు దారి చూపవచ్చును; కాని సాక్ష్యమును మీ కన్నులతో జూచిన పిమ్మటనే తీర్పు చెప్పుడు.