వికర్ణుడు లేచి మాట్లాడాడు

1977లో ‘దానవీరశూరకర్ణ’ వచ్చినప్పటినుంచీ దుర్యోధనుడి డైలాగులు పిల్లలు కూడా అప్పజెప్పే నేల మనది. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ చివర ప్రభాస్ కర్ణుడిగా కనిపించగానే కర్ణుడా అర్జునుడా అన్న పాత తగువు మళ్ళీ రాజుకుంది. ఎక్కడ మొదలైనా అది ఒక మాట దగ్గర ఆగుతోంది: పూర్తి మంచివాడూ లేడు, పూర్తి చెడ్డవాడూ లేడు, అందరివీ గ్రే షేడ్సే, పరిస్థితులే మనిషిని అలా చేస్తాయి. అందరూ తలలూపుతారు. నేను ఊపలేను. మనిషిలో మంచీ చెడూ కలిసే ఉంటాయన్నది నిజం. అందుకని అతను చేసిన పనిని తూచకూడదన్నది అబద్ధం.

కర్ణుడికి జరిగిన అన్యాయం చిన్నది కాదు. విద్యాప్రదర్శన నాడు కృపుడు కులగోత్రాలడిగాడు. భీముడు నీ కులానికి తగ్గ కొరడా పట్టుకోమన్నాడు. అది చదివి మనసు కలుక్కుమన్నవాళ్ళతో నాకు వాదన లేదు. ఒంటినున్న కవచం ఒలిచి ఇంద్రుడికిచ్చినవాడు, కుంతికిచ్చిన మాటకోసం యుద్ధంలో చేతికి చిక్కిన పాండవులను విడిచిపెట్టినవాడు. అదంతా అతని లెక్కలో జమే.

కానీ సభాపర్వం తెరవండి. జూదంలో తన్ను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కెక్కడిదని ద్రౌపది అడిగింది. ధర్మం సూక్ష్మమైనది, తేల్చి చెప్పలేనన్నాడు భీష్ముడు. నిండు సభలో లేచినవాడు వికర్ణుడు, దుర్యోధనుడి తమ్ముడు. ఆ పందెం చెల్లదు, ఆమెను ఎవరూ గెలవలేదన్నాడు. సభ మెచ్చుకుంది. అప్పుడొకడు మండిపడుతూ లేచి, నువ్వు పిల్లవాడివి, నీకేం తెలుసన్నాడు. ద్రౌపదిని నోట పలకరాని మాట అన్నాడు. పాండవుల బట్టలతో పాటు ఆమె బట్టలూ లాగెయ్యమని దుశ్శాసనుడికి చెప్పాడు. అతను కర్ణుడు.

ఇందులో పరిస్థితుల వాటా ఎంత? ఉప్పు తిన్న ఋణమంటారా, వికర్ణుడు పుట్టిందే ఆ ఇంట్లో. ఎదిరించింది సొంత అన్నని. ఇద్దరిదీ ఒకే సభ, ఒకే కూడు. ఒకడు ఘోరాన్ని ఆపబోయాడు, ఒకడు ఆ ఆపబోయినవాడి నోరు మూయించాడు.

భీష్ముడి ‘సూక్ష్మం’ అప్పుడు చేసిన పనే ఇవాళ మన ‘గ్రే’ చేస్తోంది. దెబ్బలు తిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లను కూర్చోబెట్టి, రెండు చేతులూ కలిస్తేనే చప్పుడమ్మా, సర్దుకో అని పెద్దమనుషులు చెప్పే మాట కూడా అదే. వినడానికి ఎంతో విశాలంగా ఉంటుంది. దానివల్ల లాభం మాత్రం ఎప్పుడూ కొట్టినవాడికే. కర్ణుడా అర్జునుడా అన్న తగువులో ద్రౌపది ప్రశ్న ఎంతమందికి గుర్తొస్తోంది?

భారతం ఈ మసకను చూడకపోలేదు, చూసి కొలిచింది. ద్రోణుణ్ణి ఆపకపోతే సైన్యమంతా నాశనమయ్యే వేళ ధర్మరాజు అశ్వత్థామ చావు గురించి మాట మాటున అబద్ధమాడాడు. కారణం బలమైనదే. అయినా అంతవరకు నేలకు నాలుగంగుళాల పైన నడిచిన అతని రథం నేలను తాకింది. ఆ ఒక్క మాటకే చివర్లో నరకం చూడాల్సొచ్చింది. కారణానికి కారణం, తప్పుకు తప్పు.

అన్నిటికన్నా నన్ను కదిలించేది ఉద్యోగపర్వం. దుర్యోధనుడి మెప్పుకోసం పాండవులను కటువుగా మాట్లాడాను, దానికిప్పుడు కుమిలిపోతున్నానని కర్ణుడే కృష్ణుడితో అంటాడు. సూతుడన్నారు కాబట్టి అలా చేశానని అనడు. అతని తరఫున మనం వెతికే సాకు అతను వెతుక్కోలేదు. ఆ పశ్చాత్తాపమే అతనిలోని గొప్పతనం. పరిస్థితుల పేరు చెప్పి దాన్ని అతనినుంచి లాక్కుంటున్నాం.

నిజంగా తేలని చిక్కు కావాలంటే వికర్ణుడి చావులో ఉంది. సభలో ధర్మం పలికినవాడు యుద్ధంలో అన్నల పక్కనే నిలిచాడు. నూరుగురినీ చంపుతానన్న ప్రతిజ్ఞకు కట్టుబడి భీముడు అతన్నీ చంపాడు, చంపి దుఃఖించాడు. కర్ణుడి పేరు పెట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. వికర్ణుడని ఎవరూ ఎవరినీ పిలవగా ఇంతవరకు వినలేదు.